జెర్బిల్‌కు జబ్బు చేస్తే: ఇంట్లో చేయదగినవి, చేయరానివి

సర్జాపుర పరిసరాలలోని బహుళ అంతస్తుల భవనాలలో కుక్కను పెంచడానికి తగిన స్థలం గాని, సమయం గాని, ఇంటి యజమాని అనుమతి గాని లేని కుటుంబాలు చిన్న జంతువుల వైపు మొగ్గు చూపుతున్నాయి. గినీ పిగ్, హ్యామ్‌స్టర్ వంటి వాటితో పాటు అక్కడక్కడ జెర్బిల్ కూడా పిల్లల గదులలో చోటు సంపాదించుకుంది. గాజు తొట్టిలో కాగితపు ముక్కల మధ్య సొరంగాలు తవ్వుకుంటూ, అలికిడి కాగానే వెనుక కాళ్లపై నిలబడి చూసే ఈ ప్రాణి పిల్లలకు ఇట్టే చేరువవుతుంది. అది జబ్బుపడిన రోజున మాత్రం ఇంటిల్లిపాదికీ దిక్కుతోచదు. పొరుగువారికి దాని సంగతి తెలియదు. దగ్గరలోని వైద్యశాలలలో చాలావరకు కుక్కలు, పిల్లులనే చూస్తాయి. ఆ తొందరలో ఇంట్లో ఉన్న మాత్రను పొడిచేసి పాలలో కలిపి పట్టించాలన్న ఆలోచన రావడం సహజం. ఆ ఆలోచనే ప్రమాదకరం.

జెర్బిల్ విషయంలో ఇంటి వైద్యమంటే మందు వేయడం కాదు. తూకం చూడడం, వెచ్చగా ఉంచడం, పొడిగా శుభ్రంగా ఉంచడం, నీరు అందించడం, ఎప్పుడు వైద్యుని వద్దకు బయలుదేరాలో గుర్తించడం: ఈ ఐదూ ఇంటివారి పనులు. మందు నిర్ణయం పశువైద్యునిది.

ముందుగా జంతువును గుర్తించడం

దుకాణాలలో చిన్న జంతువులన్నిటినీ ఒకే పేరుతో అమ్మడం కద్దు. హ్యామ్‌స్టర్‌కు తోక మొలకలా ఉంటుంది, బుగ్గలలో తిండి దాచుకునే సంచులు ఉంటాయి. జెర్బిల్‌కు దాదాపు శరీరమంత పొడవైన, వెంట్రుకలు గల తోక ఉంటుంది, తోక చివర చిన్న కుచ్చు కనిపిస్తుంది. ఈ భేదం తెలియడం అవసరం. ఒక జంతువుకు సరిపడే మందు మరొక దానికి విషం కావచ్చు.

ఇళ్లలో పెంచే జెర్బిల్ మంగోలియా, ఉత్తర చైనా ప్రాంతాల పొడి గడ్డిమైదానాలకు చెందినది. ఫ్రెంచి మతగురువు, ప్రకృతి పరిశోధకుడు అర్మాన్ డేవిడ్ 1866లో దీని నమూనాలను పారిస్ మ్యూజియానికి పంపగా, మరుసటి ఏడాది అక్కడి శాస్త్రవేత్త మిల్న్-ఎడ్వర్డ్స్ దీనిని వర్ణించాడు. 1954లో పదకొండు జతలు పరిశోధనల కోసం అమెరికాకు చేరాయి. అక్కడి నుండి క్రమంగా ఇళ్లలోకి వచ్చింది. ఎదిగిన జెర్బిల్ సుమారు 60 నుండి 100 గ్రాముల వరకు తూగుతుంది. మంచి సంరక్షణలో మూడు నాలుగేళ్లు జీవిస్తుంది.

పొడి నేల జీవి, తడి గాలి నగరం

కర్నూలు, అనంతపురం ఎండలు చూసి వచ్చినవారికి బెంగళూరు వాతావరణం ఏ ప్రాణికైనా హాయినిస్తుందని తోస్తుంది. ఉష్ణోగ్రత మాటకొస్తే అది నిజమే. జెర్బిల్‌ను బాధించేది ఇక్కడి తేమ. గాలిలో తేమ 50 శాతం దాటినప్పుడు దాని వెంట్రుకలు జిడ్డుగా, ముద్దలుగా కనిపిస్తాయి, చర్మం పుండ్లకు అనువుగా మారుతుంది. వర్షాకాలంలో నగరపు గాలి ఈ హద్దును తరచుగా దాటుతుంది. కాబట్టి తొట్టిని స్నానాల గది పక్కన, బట్టలు ఆరవేసే బాల్కనీలో, గోడ చెమ్మగిల్లే మూలలో ఉంచరాదు. వెలుతురు, గాలి ఉండి, నేరుగా ఎండ గాని ఈదురుగాలి గాని తగలని గది మేలు. వంటింటి పొగ, అగరుబత్తి, దోమల చుట్ట, దోమల యంత్రం ఉన్న గది పనికిరాదు.

కింద పరచడానికి ముద్రణ, వాసన లేని తెల్ల కాగితపు పేలికలు శ్రేష్ఠం. ఘాటైన వాసనగల దేవదారు, పైన్ చెక్క పొట్టు శ్వాసకు, చర్మానికి హాని చేస్తుంది. దూది మెత్తగా ఉంటుందని వేస్తే దాని పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తప్రసరణను ఆపుతాయి. జెర్బిల్‌కు నీటి స్నానం అక్కరలేదు. వారానికి రెండు మూడు సార్లు ఒక గిన్నెలో పొడి ఇసుక పెడితే అందులో పొర్లి తానే శుభ్రపడుతుంది. ఆ ఇసుక కడిగి, ఆరబెట్టి, జల్లించినదై ఉండాలి. సర్జాపురలో భవన నిర్మాణాల దగ్గర గుట్టలుగా కనిపించే ఎం-శాండ్ రాతిని పిండిచేసి తయారు చేసినది. దాని పదునైన రేణువులు, ధూళి కంటికి, ఊపిరితిత్తులకు మంచివి కావు.

వారానికొక తూకం

అడవిలో జబ్బుగా కనిపించిన జంతువు వేటజంతువుకు మొదట చిక్కుతుంది. అందుచేత జెర్బిల్ తన బాధను చివరి వరకు దాచుకుంటుంది. ఇంటివారి కంటికి నలతగా కనిపించే నాటికి జబ్బు ముదిరి ఉంటుంది. ఈ ఇబ్బందికి ఉన్న ఉపాయం వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు. జంతువును చిన్న డబ్బాలో పెట్టి వారానికి ఒకసారి, ఒకే వేళకు తూచి, ఆ అంకెను గోడ క్యాలెండరులో రాసిపెట్టుకోవాలి. 70 గ్రాముల జెర్బిల్ 63 గ్రాములకు దిగిందంటే పదో వంతు శరీరం కరిగినట్టు. అది చూపుకు అందని మార్పు, త్రాసుకు అందే మార్పు. అంత తగ్గుదల కనబడితే ఇతర లక్షణాలు లేకపోయినా వైద్యునికి చూపించాలి. ఈ పనిని ఇంట్లోని పిల్లలకు అప్పగించవచ్చు. త్రాసు పళ్లేన్ని మాత్రం తర్వాత సబ్బుతో కడగాలి, వీలైతే ఈ పనికి వేరే త్రాసు ఉంచాలి.

తూకంతో పాటు ముందు పళ్లను చూడాలి. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, పసుపు నారింజ రంగులో ఉండడం సహజం. కొరకడానికి రంగు వేయని చెక్క ముక్కలు, గట్టి అట్ట ఇస్తే అవి అరుగుతాయి. పళ్లు వంకరగా పెరిగినా, మరీ పొడవైనా జెర్బిల్ తిండి దగ్గరకు వెళ్లి తినలేక తిరిగివస్తుంది. గోళ్ల కత్తెరతో ఆ పళ్లను ఇంట్లో కత్తిరించరాదు. పన్ను నిలువునా చీలి, చిగురు వరకు గాయమయ్యే అవకాశం ఉంది.

పొట్ట మధ్యలో వెంట్రుకలు లేని, పసుపు రంగు గల చిన్న మచ్చ కనిపిస్తే గాయమని భయపడనక్కరలేదు. అది వాసనను విడుదల చేసే గ్రంథి. వయసు మళ్లిన జెర్బిల్‌లో ఆ గ్రంథి ఉబ్బినా, పుండులా మారినా కణితి కావచ్చు. దానిని తొలిదశలోనే శస్త్రచికిత్సతో తీయించడం మేలు.

ఇంట్లో సరిదిద్దదగినవి

ముక్కు చుట్టూ ఎర్రగా కనిపించడం జెర్బిల్‌లో తరచుగా వచ్చే సమస్య. దానిని రక్తమనుకుని కంగారుపడేవారు ఎక్కువ. కంటి వెనుక ఉండే హార్డేరియన్ గ్రంథి ఎర్రని రంగుగల స్రావాన్ని విడుదల చేస్తుంది. తేమ, రద్దీ, భయం పెరిగినప్పుడు అది ముక్కు దగ్గర పేరుకుని చర్మాన్ని మండిస్తుంది. ఆపై గోకుడు, వెంట్రుకలు రాలడం, సూక్ష్మజీవుల వల్ల పుండు వరుసగా వస్తాయి. తొలిదశలో పరచిన కాగితాన్ని మార్చడం, గది తేమ తగ్గించడం, ఇసుక స్నానం ఇవ్వడం సరిపోతుంది. అర లీటరు నీటిని మరిగించి, ఒక చెంచా ఉప్పు కలిపి, చల్లార్చిన తర్వాత మెత్తని గుడ్డ కొసను తడిపి ఆ చోటును సున్నితంగా అద్దవచ్చు. పసుపు ముద్ద, కొబ్బరి నూనె, వేప నూనె, నొప్పి బామ్‌లు, ఇంటి క్రిమినాశక ద్రావణాలు పూయరాదు. మనిషి చర్మం మీద నిలిచే పూత జెర్బిల్ నాలుక మీదకు, అక్కడి నుండి పొట్టలోకి పోతుంది. నాలుగైదు రోజులలో తగ్గకపోయినా, చీము పట్టినా వైద్యుని చూడాలి.

మూర్ఛ చాలా జెర్బిళ్లలో వంశపారంపర్యంగా ఉంటుంది. సుమారు రెండు నెలల వయసు నుండి కనిపించవచ్చు. కొత్త చోటికి మార్చినప్పుడు, చేతిలోకి తీసుకున్నప్పుడు, దీపావళి టపాసుల వంటి హఠాత్ శబ్దం విన్నప్పుడు మీసాలు, చెవులు అదిరి, శరీరం బిగుసుకుని, కొన్నిసార్లు కాళ్లు కొట్టుకుంటాయి. చూసినవారికి ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, కానీ సాధారణంగా కొద్ది నిమిషాలలో తేరుకుంటుంది. ఆ సమయంలో దానిని పట్టుకోరాదు, నోట్లో నీరు పోయరాదు, ఉల్లిపాయ వాసన చూపరాదు, ఇనుప తాళంచెవులు దగ్గర పెట్టరాదు. దీపం ఆర్పి, గదిలో మాటలు ఆపి, తొట్టి మూత వేసి వేచి ఉండడమే చికిత్స. వయసుతో పాటు ఇవి తగ్గిపోయే జెర్బిళ్లు అనేకం. ఒకదాని వెంట ఒకటి వస్తున్నా, చాలాసేపటికి తేరుకోకపోయినా వైద్యుని సలహా తప్పనిసరి.

ఊబకాయం మూడవది. పొద్దుతిరుగుడు గింజలను జెర్బిల్ ఎంతో ఇష్టంగా తింటుంది గనుక పిల్లలు అవే వేస్తారు. వాటిలోని కొవ్వు దాని శరీరంలో పేరుకుంటుంది. వాటిని రోజుకు ఒకటి రెండుకు పరిమితం చేసి, కొర్ర, సజ్జ, ఓట్లు వంటి ధాన్యపు గింజలను ప్రధాన ఆహారంగా ఇవ్వాలి. పొడి నేల జీవి కాబట్టి నీరు అక్కరలేదనడం పొరపాటు. రోజుకు నాలుగైదు మిల్లీలీటర్లే తాగినా, ఆ నీరు నిత్యం అందుబాటులో ఉండాలి.

ఆలస్యం చేయరానివి

విరేచనాలు మొదటివి. తోక కింద తడి, దుర్వాసన, మందకొడితనం కనిపిస్తే మరునాటి వరకు చూడరాదు. టైజర్ వ్యాధి అనే బాక్టీరియా సంక్రమణకు జెర్బిల్ త్వరగా లోనవుతుంది, ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. వైద్యుని వద్దకు చేరేలోగా ఇతర జెర్బిళ్ల నుండి వేరుచేసి, గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి డబ్బాలో ఒక పక్కన ఉంచాలి. వేడెక్కితే దూరంగా జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో కలిపిన ఓఆర్ఎస్‌ను సూది లేని సిరంజితో పెదవి పక్కన చుక్క చుక్కగా పెట్టి, అది నాకినంత మేరకే ఇవ్వాలి. స్పృహ లేని జంతువు నోట్లో ఏదీ పోయరాదు, అది ఊపిరితిత్తులలోకి పోతుంది. పెరుగన్నం, మజ్జిగ మనిషికి పథ్యమే గాని జెర్బిల్‌కు కావు.

శ్వాసలో టిక్కుటిక్కుమనే చప్పుడు, పక్కలు ఎగసిపడడం, నోరు తెరచి ఊపిరి తీయడం రెండవ ప్రమాద సూచన. ఆవిరి పట్టడం, బామ్ వాసన చూపించడం దీనిని మరింత విషమింపజేస్తాయి.

మూడవది తోక గాయం. తోక పట్టుకుని ఎత్తితే దాని చర్మం తొడుగులా ఊడి చేతిలోకి వస్తుంది, లోపలి ఎముక బయటపడుతుంది. ఈ గాయం దాదాపు ఎల్లప్పుడూ మనిషి చేతి వల్లే కలుగుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొద్దిసేపు అదిమి, ఇసుక గిన్నె తీసివేసి, తెల్ల కాగితం మాత్రమే పరచి వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. కట్టు కట్టరాదు, కొరికివేస్తుంది. ఎండిన భాగం దానంతట రాలవచ్చు, లేదా వైద్యుడు దానిని తొలగించవలసి రావచ్చు. తోక కొంత పోయినా జెర్బిల్ మామూలుగా బతుకుతుంది. రెండు అరచేతులను దోసిలిలా పట్టి ఎత్తడం పిల్లలకు మొదటి రోజే నేర్పితే ఈ గాయం రాదు.

వయసు మళ్లిన జెర్బిల్ తల ఒక పక్కకు వంచినా, ఒక వైపు కాళ్లు ఈడ్చినా పక్షవాతం గాని, చెవిలోని జబ్బు గాని కావచ్చు. వైద్యం ఎలా ఉన్నా, ఇంటివారు నీటి సీసాను కిందికి దించి, తిండిని నేలమీదే పెట్టి, ఎక్కే మెట్లను తీసివేయాలి.

మందుల పెట్టెకు తాళం

అరవై కిలోల మనిషి 70 గ్రాముల జెర్బిల్‌కు ఎనిమిది వందల రెట్లకు పైగా బరువు. మనిషికి తయారైన మాత్రలో ఎనిమిది వందలో వంతును ఇంట్లో చాకుతో కొలవడం అసాధ్యం. కొలత కుదిరినా మందు కుదరకపోవచ్చు. స్ట్రెప్టోమైసిన్ జెర్బిల్‌కు ప్రాణాంతకం. పెన్సిలిన్ వర్గపు మందులు, లింకోమైసిన్, క్లిండామైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే హ్యామ్‌స్టర్, గినీ పిగ్‌లలో పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి మరణం సంభవించడం పశువైద్యులకు సుపరిచితం. జెర్బిల్ విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. జ్వరానికి, నొప్పికి, అలర్జీకి ఇంట్లో ఉండే ఏ మందునూ వైద్యుని మాట లేనిదే ఇవ్వరాదు. కుక్క కోసం రాసిచ్చిన మందు కూడా ఇందులోకే వస్తుంది.

వైద్యుని వద్దకు

జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే దగ్గరలోని రెండు మూడు వైద్యశాలలకు ఫోను చేసి, ఎలుక జాతి చిన్న జంతువులను చూస్తారా, ఏ వేళల్లో అని అడిగి రాసిపెట్టుకోవాలి. హెబ్బాళలోని పశువైద్య కళాశాలకు బోధనాసుపత్రి ఉంది. అయితే అది నగరానికి ఉత్తర దిక్కున ఉన్నది, సర్జాపుర ఆగ్నేయాన ఉన్నది. ఔటర్ రింగ్ రోడ్డు రద్దీలో ఆ ప్రయాణం చిన్నది కాదు. నలతగా ఉన్న జంతువును మధ్యాహ్నపు ఎండలో కాక ఉదయం వేళ తీసుకువెళ్లడం, డబ్బాలో దాని పాత కాగితాన్నే కొంత వేయడం, నీటికి బదులు దోసకాయ ముక్క పెట్టడం ప్రయాణాన్ని తేలిక చేస్తాయి. తూకపు కాగితాన్ని, మల నమూనాను వెంట తీసుకువెళ్లాలి.

కన్నడం ఇంకా పట్టుబడని వారికి కొన్ని మాటలు ఉపకరిస్తాయి. "నిన్నెయింద తిన్నుత్తిల్ల" అంటే నిన్నటి నుండి తినడం లేదని అర్థం. "తూక కమ్మి ఆగిదె" అంటే బరువు తగ్గింది. "భేది ఆగ్తాయిదె" అంటే విరేచనాలు అవుతున్నాయి. "ఉసిరాడలు కష్ట" అంటే ఊపిరి తీయడం కష్టంగా ఉంది. ముక్కును "మూగు" అని, పంటిని "హల్లు" అని, తోకను "బాల" అని అంటారు.

సొంతూరి ప్రయాణాలు

సంక్రాంతికి, దసరాకు సొంతూళ్లకు వెళ్లే కుటుంబాలు గిన్నె నిండా గింజలు పోసి, రెండు నీటి సీసాలు తగిలించి తాళం వేసుకుని వెళ్లడం వినవస్తున్నది. తిండి ఉన్నంత మాత్రాన జంతువు క్షేమమని కాదు. మొదటి రోజు సాయంత్రం మొదలైన విరేచనాలను చూసేవారు ఉండరు. రాత్రి బస్సులో వెంట తీసుకుపోవడం కూడా తగదు. ఆ కుదుపు, శబ్దం మూర్ఛను రేపుతాయి. రోజుకొకసారి వచ్చి చూసే పొరుగువారికి తాళంచెవితో పాటు ఒక కాగితం ఇవ్వాలి. అందులో రోజు తిండి కొలత, మామూలు బరువు, వైద్యశాల ఫోను నంబరు, ఖర్చుకు ఇంటివారి అనుమతి రాసి ఉంటే, అవసరమైనప్పుడు పొరుగువారు సంకోచించరు.

ఇంటివారి ఆరోగ్యం

జెర్బిల్‌ను తాకిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, తొట్టిని వంటింటి సింకులో కడగకపోవడం సాల్మొనెల్లా వంటి సంక్రమణలను నివారిస్తాయి. గర్భవతులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు తొట్టి శుభ్రపరిచే పనికి దూరంగా ఉండాలి. కరిచినచోట సబ్బు నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వైద్యుని సలహా తీసుకోవాలి. జంతువు తిండికి మూత లేకపోతే ఇంటి ఎలుకలు, బొద్దింకలు చేరి, వాటి ద్వారా రోగాలు జెర్బిల్‌కు, దాని నుండి ఇంటివారికి చేరే వీలుంది.

ఒక హెచ్చరిక. సర్జాపుర చుట్టుపక్కల పొలాలు, ఖాళీ స్థలాలలో బొరియలు చేసుకుని బతికే, తోక చివర నల్లని కుచ్చుగల భారతీయ జెర్బిల్ ఇదే కుటుంబానికి చెందిన అడవి జీవి. పునాదులు తవ్వేటప్పుడు దొరికిన పిల్లలను ముద్దుగా ఉన్నాయని ఇంటికి తేరాదు. 1898లో బెంగళూరును ప్లేగు కుదిపివేసింది. ఆ తర్వాతనే మల్లేశ్వరం, బసవనగుడి విస్తరణలు నగరానికి చేరాయి. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కలిసే సరిహద్దు ప్రాంతపు అడవి ఎలుకలను ఈనాటికీ బెంగళూరులోని ప్లేగు నిఘా విభాగం పరీక్షించేది అందుకే. భయపడవలసిన పని లేదు, ముట్టుకోకుండా వదిలివేస్తే చాలు. పెంచుకోదలచినవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదైన దుకాణం నుండే తీసుకోవాలి. పెంపుడు జంతువుల దుకాణాలకు 2018 నాటి నియమాల ప్రకారం ఆ నమోదు తప్పనిసరి.

చివరి మాట పిల్లల గురించి. ఎంత బాగా చూసినా మూడు నాలుగేళ్లకు జెర్బిల్ వెళ్లిపోతుంది. చాలామంది పిల్లలకు అదే మొదటి ఎడబాటు. అది పారిపోయిందని చెప్పి రాత్రికి రాత్రి మరొకటి తెచ్చి పెట్టడం కంటే, జరిగింది చెప్పి, వారు రాసిన తూకపు క్యాలెండరును వారి చేతికే ఇవ్వడం మంచిది. ప్రతి వారం తామే తూచి, తామే నీరు మార్చి, సమయానికి వైద్యునికి చూపించామని తెలిసిన పిల్లవాడికి దుఃఖం ఉంటుంది గాని, అపరాధ భావం ఉండదు.